‘హార్డ్‌లీ’ పక్కన ‘నాట్’ చేరకుండా నేర్పడం ఎలా: చైనీస్ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పే తెలుగువారికి

‘ఐ కాంట్ హార్డ్‌లీ హియర్ యూ.’ ఫోన్‌లో మాట సరిగ్గా అందనప్పుడు చైనీస్ మాట్లాడే విద్యార్థి నోట తరచుగా వచ్చే వాక్యం ఇది. ‘ఐ ఆల్మోస్ట్ డోంట్ ఈట్ మీట్’ అనేది రెండోది. ‘హి హార్డ్‌లీ నెవర్ కమ్స్’ మూడోది. మూడూ వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ వేరు ఒక్కటే. హార్డ్‌లీ, స్కేర్స్‌లీ, బేర్‌లీ, రేర్‌లీ, సెల్డమ్ అనే ఇంగ్లీషు మాటలకు ‘లేదు’ అనే అర్థం కడుపులోనే ఉంటుంది, పైకి కనపడదు. విద్యార్థి దాన్ని చూడలేక, బయటి నుంచి ఇంకో ‘నాట్’ తెచ్చి పెడతాడు.

మీ విద్యార్థి సింగపూర్‌లో ట్యూషన్‌కి వచ్చే పిల్లవాడు కావచ్చు, చెంగ్దూ నుంచి ఆన్‌లైన్ క్లాసులో చేరిన ఉద్యోగి కావచ్చు, తైపేలో ఇంటర్వ్యూకి సిద్ధమవుతున్న అమ్మాయి కావచ్చు. ఈ పాఠం చెప్పడంలో తెలుగు టీచరుకి ఒక మంచి వీలుంది. మన భాషలోనూ ఇదే చిక్కు ఉంది. ‘ఎప్పుడో గానీ రాడు’, ‘పెద్దగా తినడు’, ‘దాదాపు ఎవరూ రాలేదు’ అంటాం. ప్రతిసారీ లేదనే అర్థం క్రియలోనే ఉంటుంది, ముందున్న మాటలో కాదు. చైనీస్ కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది. కాబట్టి విద్యార్థి ఎక్కడ జారతాడో మీరు ముందే పసిగట్టగలరు. అదే చోట మీరూ జారే ప్రమాదం ఉందన్నది కూడా గుర్తుంచుకోండి.

చైనీస్ మాటలను ఇక్కడ తెలుగుకు దగ్గరి ఉచ్చారణలో రాశాం, వాటి స్వరాలు, అంటే మాట అర్థాన్ని మార్చే గొంతు ఎత్తుపల్లాలు, చూపలేదు. క్లాసులో మాత్రం విద్యార్థి చేతే పలికించి, అక్షరాలు బోర్డు మీద అతని చేతే రాయించండి.

మొదట, అర్థాన్ని రెండు ముక్కలుగా విడదీయండి

చైనీస్ పదపట్టికల్లో హార్డ్‌లీకి ఎదురుగా ఉండే అర్థం ‘జీహూ బు’. జీహూ అంటే దాదాపు. బు అంటే కాదు, లేదు. విద్యార్థి బట్టీ పట్టేటప్పుడు మొదటి ముక్క బాగా నాటుకుంటుంది, రెండోది జారిపోతుంది. మాట్లాడేటప్పుడు జీహూ వచ్చిన చోట హార్డ్‌లీ పెడతాడు, బు వచ్చిన చోట నాట్ పెడతాడు. అతని లెక్కలో అన్ని ముక్కలకూ అనువాదం దొరికింది, కాబట్టి తప్పు చేశానన్న అనుమానమే రాదు.

బోర్డు మీద ‘జీహూ’ రాసి, పక్కన ‘బు’ రాసి, రెండింటి చుట్టూ కలిపి ఒకే గీత గీయండి. గీతకు కిందగా హార్డ్‌లీ రాయండి. ఆ తర్వాత ‘బు’ని వేలితో చూపించి, ఇది హార్డ్‌లీ లోపలికి వెళ్లిపోయింది, వాక్యంలో మళ్లీ రాకూడదు అని చెప్పండి. ఇంతకు మించి వ్యాకరణం మొదటి రోజు అక్కర్లేదు.

ఇక్కడ పనికొచ్చే మాట ఒకటి విద్యార్థి దగ్గరే ఉంది: ‘షువాంగ్‌ఛొంగ్ ఫౌదింగ్’. రెండు నకారాలు కలిస్తే అవునని అర్థం వస్తుందన్న సూత్రం ఇది. చైనీస్ వ్యాకరణ పాఠంగా వాళ్లు దీన్ని బడిలోనే చదువుకుని ఉంటారు. ‘హార్డ్‌లీ పక్కన నాట్ పెడితే షువాంగ్‌ఛొంగ్ ఫౌదింగ్ అవుతుంది’ అన్న ఒక్క వాక్యం పది నిమిషాల వివరణకు సమానం. తెలిసిన పేరు వినగానే తప్పు ఏ రకందో వాళ్లకు తెలిసిపోతుంది.

వినపడటం గురించిన వాక్యంలో మాత్రం ఇంకో మెలిక ఉంది. ‘వొ జీహూ థింగ్ బు జియెన్’ అంటారు చైనీస్‌లో. ఇందులో బు క్రియకు ముందు లేదు, ‘థింగ్’కీ ‘జియెన్’కీ నడుమ ఇరుక్కుని ఉంది. ‘థింగ్ బు జియెన్’ మొత్తం కలిపి ‘వినలేను’ అనే ఒకే ముద్దగా విద్యార్థి మనసులో ఉంటుంది. మన ‘వినపడదు’ లాంటిదే. ఆ ముద్ద ఇంగ్లీషులోకి ‘కాంట్ హియర్’గా దిగి, తర్వాత ముందు హార్డ్‌లీ చేరుతుంది. అందుకే చూడటం, వినడం, అర్థం కావడం, నడవడం లాంటి ‘చేయలేకపోవడం’ వాక్యాల్లో ఈ తప్పు ఎక్కువ. అభ్యాసం కూడా వాటితోనే పెట్టండి: ‘ఐ కెన్ హార్డ్‌లీ సీ’, ‘ఐ కెన్ హార్డ్‌లీ వాక్’, ‘ఐ కుడ్ హార్డ్‌లీ అండర్‌స్టాండ్ హిమ్’. ఇలాంటివి ఎనిమిది వాక్యాలు నోటితో, ఎనిమిది చేత్తో రాయిస్తే మొదటి క్లాసుకు చాలు. కెన్, కుడ్ పక్కన హార్డ్‌లీ ఇంగ్లీషులో చాలా తరచుగా వచ్చే జత కాబట్టి ఈ శ్రమ వృథా పోదు.

తెలివైన విద్యార్థి ఒకరు ‘అమెరికన్లు కాంట్ హార్డ్‌లీ అంటారు కదా’ అని అడుగుతారు. నిజమే, అక్కడి వాడుక మాటల్లో అది వినిపిస్తుంది. వినపడితే అర్థం చేసుకోవాలి, పరీక్షలోనూ ఆఫీసు మెయిల్‌లోనూ రాస్తే తప్పు కిందే లెక్క. ఆ రెండు సంగతులూ దాచకుండా చెప్పండి.

రెండు దారులు, ఒకటే ఎంచుకోవాలి

‘దాదాపు ఎవరూ రాలేదు’ అనడానికి ఇంగ్లీషులో రెండు దారులున్నాయి. ఒకటి ‘ఆల్మోస్ట్ నోబడీ కేమ్’. రెండోది ‘హార్డ్‌లీ ఎనీబడీ కేమ్’. మొదటి దారిలో ఆల్మోస్ట్‌కి నకారం లేదు కాబట్టి నోబడీ దాన్ని మోస్తుంది. రెండో దారిలో హార్డ్‌లీ మోస్తుంది కాబట్టి ఎనీబడీ చేతులు ఖాళీగా ఉంటాయి. విద్యార్థి ఒక దారిలో బయలుదేరి మధ్యలో రెండో దారిలోకి దూకితే ‘హార్డ్‌లీ నోబడీ’, ‘హార్డ్‌లీ నెవర్’ లాంటివి పుడతాయి.

ఈ ఐదు జతలను రెండు నిలువు వరుసల్లో రాయించండి:

ఆల్మోస్ట్ నో — హార్డ్‌లీ ఎనీ
ఆల్మోస్ట్ నోబడీ — హార్డ్‌లీ ఎనీబడీ
ఆల్మోస్ట్ నథింగ్ — హార్డ్‌లీ ఎనీథింగ్
ఆల్మోస్ట్ నోవేర్ — హార్డ్‌లీ ఎనీవేర్
ఆల్మోస్ట్ నెవర్ — హార్డ్‌లీ ఎవర్

ఎడమ వరుస చైనీస్‌కి మాటకు మాట సరిపోతుంది. ‘జీహూ మేయ్ రెన్ లాయ్’ అంటే దాదాపు, లేరు, మనుషులు, రావడం. అదే వరుసలో ఆల్మోస్ట్ నోబడీ కేమ్ కూర్చుంటుంది. మన ‘దాదాపు ఎవరూ’ కూడా అంతే. అందుకని కొత్తగా నేర్చుకునేవారిని ఎడమ వరుసతోనే మాట్లాడనివ్వండి. అది చక్కని ఇంగ్లీషే, ఎవరూ తప్పు పట్టరు. కుడి వరుస చదివితే, వింటే అర్థమయ్యే స్థాయికి ముందు తెచ్చి, రెండో వారం నుంచి మాట్లాడించండి.

ఎడమ వరుసను విద్యార్థి ఒక అడుగు ముందుకు లాగి, క్రియకు కూడా వాడతాడు. అది కుదరదు. ‘వొ జీహూ బు ఛి రౌ’ అంటే నేను మాంసం పెద్దగా తినను. దాన్ని ‘ఐ ఆల్మోస్ట్ డోంట్ ఈట్ మీట్’ అంటే ఇంగ్లీషు వాళ్లకు అర్థమవుతుంది గానీ ఎవరూ అలా అనరు. ‘ఐ హార్డ్‌లీ ఎవర్ ఈట్ మీట్’ అనాలి.

భూతకాలంలోనైతే అర్థమే తలకిందులవుతుంది. రాత్రి నిద్ర పట్టని విద్యార్థి ‘ఐ ఆల్మోస్ట్ డిడ్‌నాట్ స్లీప్’ అంటాడు, ‘జీహూ మేయ్ ష్వేయ్’కి మాటకు మాటగా. ఇంగ్లీషులో ఆల్మోస్ట్ డిడ్‌నాట్ అంటే ఆ పని జరగకుండా పోయేదే, చివరికి జరిగింది అని. ‘ఐ ఆల్మోస్ట్ డిడ్‌నాట్ కమ్’ అన్నవాడు మీ ఎదురుగానే నిలబడి ఉంటాడు. నిద్ర సంగతి చెప్పాలంటే ‘ఐ హార్డ్‌లీ స్లెప్ట్’. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి, ఎవరు వచ్చారు, ఎవరు నిద్రపోలేదు అని అడగండి. తేడా ఒక్కసారికే తెలిసిపోతుంది.

ఎక్కడ పెట్టాలి

చైనీస్‌లో ఇలాంటి మాట కర్త అవగానే వస్తుంది, మిగతా క్రియాభాగం అంతా దాని వెనక. ‘వొ జీహూ బు నంగ్ జౌలూ’లో నంగ్ అంటే కెన్. జీహూ బు దానికి ముందే ఉంది. దాంతో ‘ఐ హార్డ్‌లీ కెన్ వాక్’ వస్తుంది. ఇంగ్లీషులో కెన్, హావ్, విల్ లాంటి హెల్పింగ్ వెర్బ్ ఉంటే దాని తర్వాత పెట్టాలి. హెల్పింగ్ వెర్బ్‌లు రెండుంటే మొదటిదాని తర్వాత. అసలు క్రియ ఒక్కటే ఉంటే దానికి ముందు. ఈజ్, ఆర్, వాజ్ ఉంటే వాటి తర్వాత.

ఈ చివరిదాంట్లో జాగ్రత్త. ‘తా హెన్ షావ్ జాయ్ జ్యా’ అంటే ఆమె ఇంట్లో అరుదుగా ఉంటుంది. చైనీస్‌లో ‘జాయ్’ ఒక్కటే అటు ‘ఉండటం’, ఇటు ‘లో’ రెండు పనులూ చేస్తుంది. విద్యార్థి దాన్ని ‘ఎట్’గా మార్చేసరికి ఈజ్ కనపడకుండా పోతుంది: ‘షి సెల్డమ్ ఎట్ హోమ్’. మీరు దిద్దేటప్పుడు సెల్డమ్‌ని ముట్టుకోకండి, ‘ఈజ్ ఎక్కడ?’ అని మాత్రం అడగండి. సెల్డమ్‌ని కూడా కలిపి దిద్దితే తప్పు దానిదేననుకుని, తర్వాతి వాక్యంలో దాన్ని ఇంకెక్కడికో జరుపుతారు.

హెన్ షావ్ సంగతి వేరు

రేర్‌లీ, సెల్డమ్ దగ్గర రెండు నకారాల తప్పు తక్కువగా వస్తుంది. కారణం తెలిసిందే. చైనీస్‌లో వీటికి సమానమైన ‘హెన్ షావ్’ కూడా నకారం లేకుండానే నడుస్తుంది, మన ‘అరుదుగా వస్తాడు’ లాగా. ‘వొ హెన్ షావ్ ఖాన్ ద్యెన్‌షి’, ‘టీవీ అరుదుగా చూస్తాను’, ‘ఐ రేర్‌లీ వాచ్ టీవీ’ మూడూ ఒకే అచ్చు. ఈ మాటలను తేలిగ్గా దాటేయొచ్చు.

చిక్కు మరోచోట ఉంది. హెన్ అంటే చాలా, షావ్ అంటే తక్కువ. విడదీసి అనువదిస్తే ‘ఐ వెరీ ఫ్యూ వాచ్ టీవీ’, ‘ఐ వెరీ లిటిల్ గో అవుట్’ వస్తాయి. మన తెలుగు టీచర్లు ఇక్కడ తమ నాలుకను కూడా గమనించుకోవాలి. ‘చాలా తక్కువ’ని యథాతథంగా దింపి ‘షి కమ్స్ వెరీ లెస్’ అనే అలవాటు మనలో బాగా ఉంది. మీ నోట అది ఒక్కసారి వచ్చినా విద్యార్థి తన తప్పుకు సాక్ష్యం దొరికిందనుకుంటాడు.

మాట్లాడేటప్పుడు హార్డ్‌లీ ఎవర్, డోంట్ ఆఫెన్ సహజంగా ఉంటాయి. సెల్డమ్ కాస్త పుస్తకాల వాసన ఉన్న మాట, స్కేర్స్‌లీ ఇంకా ఎక్కువ. ఆ రెండింటినీ చదివి అర్థం చేసుకుంటే చాలు, నోటితో పలికించడానికి సమయం పెట్టకండి.

బేర్‌లీ: జరిగిందా, లేదా?

చైనీస్ పదపట్టికల్లో బేర్‌లీకి రెండు రకాల అర్థాలు కలిసి ఉంటాయి. ఒకటి ‘జీహూ బు’, ఇంకోటి ‘మియెన్‌ఛియాంగ్’. మొదటిది లేదన్నట్టు, రెండోది కష్టం మీద అయిందన్నట్టు. ‘హి బేర్‌లీ పాస్డ్’ చూసి సగం మంది ఫెయిలయ్యాడనుకోవడం ఇందువల్లే. తెలుగులో దీనికి చక్కని మాట ఉంది: అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. అత్తెసరే అయినా గట్టెక్కాడు. బేర్‌లీలో పని జరుగుతుంది, అంచు మీద జరుగుతుంది. విద్యార్థికి ‘మియెన్‌ఛియాంగ్ జీగె’ అనే జతను చూపించండి. జీగె అంటే పాసవడం. దాంతో బేర్‌లీ పాస్డ్ అతికినట్టు సరిపోతుంది.

ఇక్కడ ఒక పరీక్ష పెట్టండి. వాక్యం చదివి, ‘జరిగిందా, లేదా?’ అని ఒక్క ప్రశ్నే వేయండి. జవాబు ఒక్క మాటలో రావాలి, అనువాదం అడగొద్దు.

‘షి బేర్‌లీ కాట్ ద ట్రెయిన్.’ ఎక్కింది.
‘షి నియర్లీ కాట్ ద ట్రెయిన్.’ ఎక్కలేదు.
‘షి ఆల్మోస్ట్ మిస్డ్ ద ట్రెయిన్.’ ఎక్కింది.
‘షి ఆల్మోస్ట్ డిడ్‌నాట్ క్యాచ్ ద ట్రెయిన్.’ ఎక్కింది.
‘షి హార్డ్‌లీ ఎవర్ క్యాచెస్ ద ట్రెయిన్.’ ఎక్కడం ఎప్పుడో గానీ జరగదు.

మూడో, నాలుగో వాక్యాల దగ్గర చాలామంది ఆగిపోతారు. మొద్దుబారిన బుర్రలని విసుక్కోకండి, వాళ్ల భాషలో ఈ చోట నిజంగానే ఒక వింత ఉంది. ‘ఛాదియెన్’ అంటే కొద్దిలో. ‘ఛాదియెన్ షువాయ్‌దావ్’ అంటే కొద్దిలో పడేవాణ్ని, పడలేదు. మధ్యలో ‘మేయ్’ అనే నకారం చేర్చి ‘ఛాదియెన్ మేయ్ షువాయ్‌దావ్’ అన్నా అదే అర్థం, పడలేదు! కానీ పరీక్ష నెగ్గడం లాంటి కోరుకునే విషయమైతే నకారానికి విలువ వస్తుంది. ‘ఛాదియెన్ ఖావ్‌షాంగ్’ అంటే కొద్దిలో సీటు తప్పింది. ‘ఛాదియెన్ మేయ్ ఖావ్‌షాంగ్’ అంటే కొద్దిలో తప్పిపోయేదే గానీ వచ్చింది. చెప్పేవాడు ఆ పని జరగాలని కోరుకుంటున్నాడా లేదా అన్నదాన్ని బట్టి అర్థం తేలుతుందని చైనీస్ వ్యాకరణవేత్త జూ దెషీ 1959లోనే వివరించారు.

ఇంగ్లీషుకు ఈ కోరికలతో పని లేదు. ‘ఐ నియర్లీ ఫెల్’ అంటే పడలేదు. ‘ఐ నియర్లీ డిడ్‌నాట్ ఫాల్’ అంటే పడ్డాను. మంచి జరిగినా చెడు జరిగినా లెక్క మారదు. తన భాషలో లాగా నకారం వచ్చి పోతూ ఉండదని విద్యార్థికి ఈ నాలుగు చైనీస్ వాక్యాలతోనే చూపించండి. తన భాషలోని వింత టీచరుకి తెలుసని కనిపెట్టిన విద్యార్థి ఆ తర్వాత మీరు చెప్పేదానికి ఇంకాస్త చెవి ఒగ్గుతాడు.

అంకెలతో కూడా బేర్‌లీ వస్తుంది. ‘బేర్‌లీ 10 పీపుల్’ అంటే పదిమంది ఉన్నారో లేరో అన్నంత. ‘బేర్‌లీ ఎనఫ్’ అంటే బొటాబొటిగా సరిపోయింది.

నకారం ఉన్నట్టు ప్రవర్తించేలా చేయడం

ఇంతవరకు వచ్చిన విద్యార్థి వాక్యం తప్పులేకుండా చెబుతాడు. కానీ ఆ వాక్యం తర్వాత వచ్చే మాటలో దొరికిపోతాడు. హార్డ్‌లీ ఉన్న వాక్యాన్ని ఇంగ్లీషు నకారవాక్యంగానే లెక్కగడుతుంది. అది తెలిసేది మూడు చోట్ల.

మొదటిది చివర వచ్చే చిన్న ప్రశ్న. ‘షి హార్డ్‌లీ స్పీక్స్, డజ్ షి?’ అనాలి, డజన్ట్ షి అనకూడదు. ‘దేర్ ఈజ్ హార్డ్‌లీ ఎనీ రైస్ లెఫ్ట్, ఈజ్ దేర్?’ కూడా అంతే. చైనీస్‌లో చివర ‘ద్వేయ్ బా?’ చేరిస్తే సరిపోతుంది, ముందు ఏముందో చూడక్కర్లేదు. మన ‘కదా’ అంతకన్నా నిశ్చింత. అందువల్ల ఈ అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పట్టినా కంగారు పడకండి. ప్రతి క్లాసు మొదట్లో ఐదు వాక్యాలు మీరు సగం చెప్పి, చివరి ముక్క వాళ్ల చేత చెప్పించండి. అందులో మూడు హార్డ్‌లీ, సెల్డమ్ లాంటివి, రెండు మామూలువి కలిపి పెట్టాలి. అన్నీ ఒకే రకమైతే ఆలోచించకుండా పలికేస్తారు.

రెండోది ఎస్, నో. ‘యూ హార్డ్‌లీ స్లెప్ట్, డిడ్ యూ?’ అంటే విద్యార్థి ‘ఎస్, హార్డ్‌లీ స్లెప్ట్’ అంటాడు. ‘ద్వేయ్’ అంటే ‘మీరన్నది నిజం’ అని. మనం కూడా ‘అవును, నిద్ర పట్టలేదు’ అనే అంటాం. ఇంగ్లీషు మాత్రం ఎదుటివాడు అన్నది నిజమా కాదా అని చూడదు, జరిగిందా లేదా అని చూస్తుంది. ‘నో, హార్డ్‌లీ ఎట్ ఆల్’ అనాలి.

మూడోది ‘నేనూ అంతే’. ఒకరు ‘ఐ హార్డ్‌లీ ఎవర్ డ్రింక్ కాఫీ’ అంటే పక్కవారు ‘మీ టూ’ అనకూడదు, ‘మీ నైదర్’ లేదా ‘నైదర్ డూ ఐ’ అనాలి. చైనీస్ ‘వొ యె షి’, తెలుగు ‘నేనూ అంతే’ రెండూ దేనికైనా సరిపోయే మాటలు కావడం వల్ల ఈ తేడా చెవికి తట్టదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, తాము ఎప్పుడో గానీ చేయని పనులు మూడేసి చెప్పుకోమనండి. పక్కవారు ఒప్పుకుంటే ‘మీ నైదర్’, ఒప్పుకోకపోతే ‘రియలీ? ఐ డూ’. ఐదు నిమిషాల ఆట ఇది, నవ్వుకుంటూనే అలవాటు పడుతుంది.

మాట ముందుకొస్తే వరుస తిరగబడుతుంది

‘సెల్డమ్ హావ్ ఐ సీన్’, ‘రేర్‌లీ డజ్ హి కంప్లయిన్’, ‘లిటిల్ డిడ్ షి నో’. ఈ మాటలు వాక్యం మొదట్లోకి వస్తే హెల్పింగ్ వెర్బ్ కర్తకు ముందుకు దూకుతుంది. చైనా హైస్కూల్లో చదివినవారికి దీని పేరు బాగా తెలుసు: ‘బూఫెన్ దావ్‌జువాంగ్’, సగం తిరగేయడం అని. పేరు తెలుసు కాబట్టి సూత్రం మళ్లీ చెప్పక్కర్లేదు. జారిపోయే చోట్లు మాత్రం మూడున్నాయి.

డజ్, డిడ్ తెచ్చాక అసలు క్రియకు ఎస్, ఈడీ అలాగే వదిలేస్తారు: ‘సెల్డమ్ డజ్ హి కమ్స్’. చైనీస్ క్రియకు ఈ తోకలే లేవు గనుక ఎక్కడ తీసేయాలో కూడా తట్టదు.

‘హార్డ్‌లీ హాడ్ ఐ శాట్ డౌన్ వెన్ ద ఫోన్ రాంగ్.’ కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. చైనీస్‌లో ‘యీ’, ‘జ్యూ’ అనే జత ఒక్కటే ఇలాంటివన్నీ మోస్తుంది. ఇంగ్లీషులో హార్డ్‌లీకి, స్కేర్స్‌లీకి వెన్ జత. నో సూనర్‌కి దాన్ జత. ‘హార్డ్‌లీ హాడ్... దాన్’ రాస్తే ఆ జతలు కలగాపులగం అయినట్టు. సూనర్ అంటే ‘ఇంకా ముందు’ అని పోల్చే మాట కాబట్టి దానికి దాన్ వస్తుంది, హార్డ్‌లీలో పోలిక లేదు కాబట్టి రాదు అని కారణం చెబితే గుర్తుంటుంది. మొదటి సగంలో హాడ్, రెండో సగంలో మామూలు భూతకాలం అన్నది కూడా అప్పుడే చెప్పేయండి.

మూడోది అతిజాగ్రత్త. ‘హార్డ్‌లీ ఎనీవన్ కేమ్’లో హార్డ్‌లీ మొదట్లోనే ఉంది, కానీ తిరగేయడం లేదు. ఎందుకంటే హార్డ్‌లీ ఎనీవన్ మొత్తం కలిసి కర్త. తిరగేయడం బాగా నేర్చిన మంచి విద్యార్థే ఇక్కడ ‘హార్డ్‌లీ డిడ్ ఎనీవన్ కమ్’ అని రాస్తాడు. ‘వచ్చింది ఎవరు?’ అని అడగండి. జవాబులో హార్డ్‌లీ కూడా ఉంటే తిరగేయొద్దు.

ఈ తిరగేసిన వాక్యాలు రాతకు మాత్రమే. మాటల్లో వాడితే ఉపన్యాసంలా ఉంటుందని ముందే చెప్పకపోతే, కొందరు ఇంటర్వ్యూలో ‘సెల్డమ్ డూ ఐ కమ్ లేట్’ అని కూర్చుంటారు.

మిగిలినవి

‘ఐ వర్క్ హార్డ్‌లీ’ అన్నవాడు చైనీస్ మాట ‘నూలీ’, అంటే కష్టపడటం గురించి చెప్పబోయాడు. విశేషణానికి ‘లీ’ తగిలిస్తే క్రియావిశేషణం అవుతుందన్న సూత్రాన్ని హార్డ్ మీద ప్రయోగించాడు. హార్డ్ రెండు పనులకూ తానే సరిపోతుంది. ‘వర్క్స్ హార్డ్’ అంటే ఒళ్లు వంచుతాడు, ‘హార్డ్‌లీ వర్క్స్’ అంటే పని పెద్దగా చేయడు. తన గురించి రాసుకునే దరఖాస్తులో ఈ తప్పు దొర్లితే నష్టం నిజమైనది కాబట్టి, ఇద్దరిలో ఎవరికి ఉద్యోగం ఇస్తారని అడిగి తేడా స్థిరపరచండి.

ఫ్యూ, ఏ ఫ్యూ మధ్య తేడా అంతా ఆ చిన్న ‘ఏ’లోనే ఉంది. చైనీస్‌లో, తెలుగులో అలాంటి ముక్క లేదు కాబట్టి చెవికి ఆనదు. ‘ఫ్యూ ఫ్రెండ్స్’కి ‘హెన్ షావ్’, ‘ఏ ఫ్యూ ఫ్రెండ్స్’కి ‘జీ గె’ అని రెండు వేర్వేరు మాటలుగా రాయించండి. లిటిల్, ఏ లిటిల్ కూడా అదే దారి.

హార్డ్‌లీకి ఇంకో వాడుక ఉంది, పదపట్టికలు దాన్ని పట్టించుకోవు. ‘ఇట్ ఈజ్ హార్డ్‌లీ సర్‌ప్రైజింగ్’ అంటే దాదాపు ఆశ్చర్యం లేదని కాదు, ఇందులో ఆశ్చర్యపడేదేముంది అని. ‘దట్స్ హార్డ్‌లీ మై ఫాల్ట్’ అంటే అది నా తప్పెలా అవుతుందని మర్యాదగా అడ్డుకోవడం. ‘జీహూ బు’తో అనువదిస్తే విద్యార్థికి సగం తప్పు ఒప్పుకున్నట్టు అర్థమవుతుంది. ఇక్కడ ‘బింగ్ బు’, అంటే ‘అసలేం కాదు’ అనే జత చెప్పండి. ‘ఐ కెన్ హార్డ్‌లీ వెయిట్’ కూడా ఇలాంటిదే. ఎదురుచూడగలను అన్నట్టు వినిపిస్తుంది, అర్థం మాత్రం ఆగలేకపోతున్నా అని. చైనీస్‌లో సరిగ్గా ‘దంగ్ బు జీ ల’.

చివరగా ఉచ్చారణ. రేర్‌లీ, రియలీ అనే రెండు మాటలు పక్కపక్కన పలికించండి. రేర్‌లీలో ర, ల వెంటవెంటనే రావడం చైనీస్ మాట్లాడేవారికి కష్టం. కాంటొనీస్ మాట్లాడేవారికి ర ధ్వని తమ భాషలోనే లేదు కాబట్టి ఇంకా కష్టం. ‘ఐ రేర్‌లీ లైక్ ఇట్’ అనబోతే ‘ఐ రియలీ లైక్ ఇట్’ అని వినిపిస్తుంది, నచ్చనిది కాస్తా బాగా నచ్చిందవుతుంది. మొదటి అచ్చును సాగదీసి ‘రే’ అని ఒక్క క్షణం ఆగి, నాలుకను పైపళ్ల వెనక ఆనించి ‘లీ’ అనమనండి. పది సార్లకు కుదిరితే సరే. కుదరకపోతే దాని కోసం క్లాసు పాడుచేసుకోకుండా, మాట్లాడేటప్పుడు రేర్‌లీ బదులు ఆల్మోస్ట్ నెవర్ వాడమని చెప్పేయండి. అందులో నెవర్ గట్టిగా వినపడుతుంది, వినేవారు పొరబడరు.